బీపీ లేనివారికి బీపీ మాత్ర ఎందుకు? – గుండె మందుల వెనక కథ

ఇవాళ గుండె మందుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఏ మందు ఎంత మోతాదులో వేసుకోవాలన్నది మీ డాక్టరు గారు చెప్పవలసిన విషయం. అందులోకి నేను వెళ్ళను. ఈ మందులు ఎక్కడినుంచి వచ్చాయి, ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయి అన్న కథ మాత్రం చెబుతాను.

ఈ కథ ఎందుకంటే, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పచ్చళ్ళూ పొడులతో పాటు ఒక మందుల సంచీ కూడా వస్తుంది కదా. ఆ సంచీ విప్పి, ఒక్కొక్క మాత్ర పేరు ఇంటర్నెట్లో వెతికిన పిల్లలకు కొన్ని ఇళ్ళల్లో కంగారు పుడుతుంది. నాన్నగారికి బీపీ ఏనాడూ లేదు, ఇప్పుడైతే మరీ తక్కువ. ఇది బీపీ మాత్ర అంటున్నారేమిటి? అమ్మకు షుగరు లేదు. ఇది షుగరు మాత్ర అని రాసి ఉందేమిటి? డాక్టరు పొరబడ్డాడేమోనన్న అనుమానంతో ఆ మాత్ర పక్కన పెట్టేస్తారు. కొన్నాళ్ళు ఏమీ తేడా కనబడదు. తేడా కనబడే రోజుకి మనిషి ఎమర్జెన్సీ గదిలో ఉంటాడు.

మందు పేరు దాని పుట్టిల్లు చెబుతుంది, అది చేసే పని చెప్పదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని వింటే కథ సులువుగా అర్థమవుతుంది.

ముందు జబ్బు సంగతి. హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందనుకుంటాం. అది కాదు. గుండెపోటు అంటే గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గాని, ఒంటికి కావలసినంత పని చెయ్యలేకపోతుంది. మామూలు గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. కొందరిలో గుండె కండరం సాగిపోయి తోడే బలం తగ్గుతుంది. మరికొందరిలో బలం ఉన్నా కండరం బిరుసెక్కి, రక్తం నిండడానికి సరిగా సడలదు. ఎలాగైనా ఫలితం ఒకటే. వెనకాల రక్తం నిలవ ఉండిపోతుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళకు నీరు పడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

పూర్వం దీన్ని ఉబ్బు రోగం అనేవారు. గుండెకీ దీనికీ ఉన్న లంకె చాలాకాలం ఎవరికీ స్పష్టంగా తెలియదు. కథ 1775లో ఇంగ్లండులో మొదలవుతుంది. ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలావిడ ఉబ్బు రోగానికి నాటు మందు ఇచ్చేది. పేరున్న వైద్యులు వదిలేసిన రోగులు కూడా కొందరు ఆవిడ మందుతో తేరుకునేవారు. దాని మీద అభిప్రాయం చెప్పమని విలియం విదరింగ్ అనే వైద్యుణ్ణి అడిగారు. ఆయన మొక్కల శాస్త్రం కూడా బాగా చదువుకున్నవాడు. ఆ మందులో ఇరవైకి తక్కువ కాకుండా మూలికలున్నాయి. అసలు పని చేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క అని ఆయన ఇట్టే పట్టేశాడు. ఊదారంగు గంటల్లాంటి పూలు పూసే మొక్క అది, ఆకంతా విషం.

విదరింగ్ గొప్పతనం మొక్కను గుర్తించడంలో కన్నా ఆ తరవాత పదేళ్ళు చేసిన పనిలో ఉంది. ఆకు ఎప్పుడు కొయ్యాలి, ఎలా ఎండబెట్టాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అని రోగి తరవాత రోగిని చూసి రాసుకున్నాడు. కుదిరిన కేసులూ రాశాడు, బెడిసికొట్టిన కేసులూ దాచకుండా రాశాడు. 1785లో అదంతా పుస్తకంగా వేశాడు. ఈ మందు నాడిని నెమ్మదింపజేస్తుందనీ, గుండె మీద దీని ప్రభావం ఉందనీ అందులో గమనించాడు. ఆ ముసలావిడ పేరు మాత్రం ఆ పుస్తకంలో లేదు.

ఇదే డిజిటాలిస్. దాని కుటుంబానికే చెందిన మరో మొక్క నుంచి 1930లో వేరుచేసిన డిజాక్సిన్ ఇప్పటికీ కొందరికి ఇస్తారు. ఇది చేసే పని చిత్రంగా ఉంటుంది. గుండె కండరంలో ప్రతి కణానికీ గోడలో చిన్న చిన్న తోడుడు యంత్రాలుంటాయి. లోపలి సోడియంను బయటికి తోడి, పొటాషియంను లోపలికి తేవడం వాటి పని. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ వీటి సంగతి 1957లో బయటపెట్టాడు. 1997లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. డిజిటాలిస్ ఈ యంత్రాలను కొంతవరకు అడ్డుకుంటుంది. లోపల సోడియం పెరుగుతుంది, దాని వల్ల కాల్షియం బయటికి పోవడం తగ్గి లోపలే నిలుస్తుంది. కాల్షియం ఎక్కువుంటే కండరం గట్టిగా బిగుస్తుంది. కాస్త మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. మందుకీ విషానికీ మధ్య ఉన్న ఎడం ఇక్కడ చాలా తక్కువ.

ఈ యంత్రాలు నడవడానికైనా, గుండె బిగుసుకోవడానికైనా కావలసిన ఇంధనం ఏటీపీ అనే పదార్థం. 1929లో దాన్ని కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల మీద పని చేస్తూ ఆయన దాన్ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఈ ఇంధనం మాట గుర్తుంచుకోండి. డస్సిపోయిన గుండెకు దీని కొరత ఉంటుంది. కొరతలో ఉన్నవాణ్ణి ఇంకా ఖర్చు పెట్టమంటే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

రెండో దారి నీటిని తీసెయ్యడం. 19వ శతాబ్దంలో ఉబ్బిన కాళ్ళలోకి సన్నటి గొట్టాలు గుచ్చి నీరు కార్చేవారు. 1919లో వియన్నాలో అనుకోకుండా ఒక మార్గం దొరికింది. ఆల్ఫ్రెడ్ ఫోగెల్ అనే వైద్య విద్యార్థి, సిఫిలిస్ ఉన్న ఒక అమ్మాయికి పాదరసం కలిసిన ఇంజెక్షను ఇస్తున్నాడు. ఇంజెక్షను ఇచ్చిన రోజుల్లో ఆ అమ్మాయికి మూత్రం విపరీతంగా పోతోందని నర్సులు రాసిన చార్టులో కనబడింది. ఆ తరవాత ముప్పై ఏళ్ళకు పైగా గుండె రోగులకు పాదరసపు ఇంజెక్షన్లే దిక్కయ్యాయి. 1958లో థయజైడ్ మాత్ర వచ్చింది. 1960వ దశకంలో జర్మనీలోని హోక్స్ట్ కంపెనీ నుంచి ఫ్యూరోసెమైడ్ వచ్చింది. లేసిక్స్ అంటే మనవాళ్ళందరికీ తెలుస్తుంది. ఇది మూత్రపిండంలో ఉప్పు తిరిగి రక్తంలోకి వెళ్ళే ఒక ముఖ్యమైన దారిని మూసేస్తుంది. ఉప్పు బయటికి పోతే దాని వెంట నీరూ పోతుంది. ఆయాసం తగ్గుతుంది, చెప్పులు మళ్ళీ కాళ్ళకు పడతాయి.

అంచేత 1970 ప్రాంతానికి వైద్యుడి చేతిలో రెండు ఆయుధాలున్నాయి. ఒకటి గుండెను గట్టిగా కొట్టుకోమనేది, రెండోది నీరు తీసేది. రెండూ రోగికి సుఖాన్నిచ్చేవి. ఆయుష్షు సంగతి? ఇంకా మంచి డిజిటాలిస్ దొరికితే అదీ కుదురుతుందని అనుకున్నారు. గుండె బలహీనపడింది, బలం ఎక్కించాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

ఆ ఆశతోనే మిల్రినోన్ అనే మందును మాత్రగా ఇచ్చి 1,088 మంది రోగుల మీద పరీక్షించారు. అది గుండెను బాగా బిగుసుకునేలా చేస్తుంది. 1991లో ఫలితం వచ్చింది. మందు వేసుకున్నవారిలో మరణాలు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా 28 శాతం ఎక్కువ. బరువు లాగలేక చతికిలబడిన ఎద్దును చెర్నాకోలతో కొడితే నాలుగడుగులు వేస్తుంది, ఆ తరవాత పడిపోతుంది. డిజాక్సిన్‌ను 6,800 మంది మీద పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ఆసుపత్రి పాలవడం తగ్గింది, మరణాలు మాత్రం పెరగలేదు, తగ్గలేదు.

మరి ఆయుష్షు పెంచినవి ఏవి? ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. మనిషి శరీరానికి హార్ట్ ఫెయిల్యూర్ అనే జబ్బు తెలియదు. దానికి తెలిసినవి రెండే ఆపదలు. దెబ్బ తగిలి నెత్తురు పోవడం, నీళ్ళు దొరక్క ఒళ్ళు ఎండిపోవడం. ఏ కారణం వల్లనైనా మూత్రపిండాలకు రక్తం తక్కువగా వస్తే, నెత్తురు పోతోంది కాబోలు అనుకుని అవి అలారం మోగిస్తాయి. రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దీన్ని 1898లోనే స్వీడన్‌లో కనుక్కున్నారు. రెనిన్ వల్ల ఆంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. దాని ప్రేరణతో ఆల్డోస్టిరోన్ అనే హార్మోను వచ్చి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. ఇంకోపక్క ఆడ్రినలిన్ జాతి రసాయనాలు గుండెను వేగంగా కొట్టుకోమని అదిలిస్తాయి.

గాయపడినవాడికి ఇవి ప్రాణం నిలుపుతాయి. డస్సిన గుండెకు మాత్రం ఇవే యమపాశాలు. నాళాలు బిగిస్తే గుండె ఇంకా గట్టిగా నెట్టాలి. నీరు నిలిస్తే బరువు పెరుగుతుంది. వేగం పెరిగితే ఉన్న కాస్త ఇంధనం కూడా కరిగిపోతుంది. కొన్ని నెలలకు గుండె మరింత సాగిపోతుంది. అది చూసి శరీరం ఇంకా పెద్దగా అలారం మోగిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయినట్టు, శరీరం తనకు తాను చేసుకునే వైద్యమే అసలు జబ్బుగా మారిపోతుంది.

ఈ వలయాన్ని తెంచిన ఆయుధం ఒక పాము నుంచి వచ్చింది. బ్రెజిల్‌లో జరరాకా అనే రక్తపింజర జాతి పాము ఉంది. అది కరిస్తే బీపీ పడిపోతుంది. 1965లో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు ఆ విషంలో ఒక పదార్థాన్ని గుర్తించి, దాన్ని వెంటబెట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్ళాడు. ఆంజియోటెన్సిన్ తయారుచేసే ఎంజైమును ఆ విషం ఆపుతుందని అక్కడ తేలింది. అమెరికాలో స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి ఆ విషాన్ని నమూనాగా పెట్టుకుని, నోటితో మింగగల కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో దానికి అమెరికాలో అనుమతి దొరికింది. బీపీ మందుగా!

ఆ జాతిలోదే ఎనలాప్రిల్. స్కాండినేవియా దేశాల్లో, మంచం మీదున్నా ఆయాసపడే 253 మంది రోగుల మీద దాన్ని పరీక్షించారు. 1987లో ఫలితం. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 44 శాతం మంది పోయారు, ఎనలాప్రిల్ వాళ్ళలో 26 శాతం. వీళ్ళకు ఈ మందు ఇచ్చింది బీపీ తగ్గించడానికి కాదు, శరీరం మోగిస్తున్న తప్పుడు అలారం ఆపడానికి. రామిప్రిల్, లిసినోప్రిల్ ఇవన్నీ ఆ పాము వారసులే. వీటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది. ఈ మందులు ఆపే ఎంజైమే బ్రాడికినిన్ అనే పదార్థాన్ని కూడా కరిగిస్తుంది, అది కరగకుండా మిగిలిపోవడమే ఆ దగ్గుకు ముఖ్య కారణం. దగ్గు వస్తే మాత్ర మానెయ్యక్కర్లేదు, డాక్టరుకు చెబితే సార్టాన్ జాతి మందుకు మారుస్తారు.

రెండోది బీటా బ్లాకర్. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ గుండెనొప్పి రోగుల కోసం చేసిన ప్రొప్రనలాల్ 1960వ దశకం నడుమ బజారులోకి వచ్చింది. ఆడ్రినలిన్ మాట గుండెకు వినబడకుండా చేయడం దాని పని. బలహీనపడిన గుండెకు ఇది ఇవ్వనే కూడదని పుస్తకాలన్నీ చెప్పేవి. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం ఏడుగురు రోగులకు ఈ జాతి మందు ఇచ్చి, వాళ్ళ గుండెలు మెరుగుపడ్డాయని రాసింది. చాలామంది నమ్మలేదు. నమ్మడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. 1999లో మెటోప్రొలాల్‌ను సుమారు 4,000 మంది మీద పరీక్షించగా మరణాలు 34 శాతం తగ్గాయి. అదే ఏడు బిసోప్రొలాల్ కూడా మరణాలను మూడో వంతు తగ్గించింది. కొరడా పారేసి, ఎద్దును కాడి విప్పి నీడన కట్టేస్తే అది తేరుకుంది. కాకపోతే ఈ మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. మొదట్లో కొంత నీరసం ఉంటుంది. అది చూసే చాలామంది మానేస్తారు.

మూడోది స్పైరొనోలాక్టోన్. 1950వ దశకం చివర ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకోవడానికి చేసిన పాత మందు, మూత్రం మందుల జాబితాలో ఒక మూల పడి ఉండేది. 1999లో 1,663 మంది మీద చేసిన పరీక్షలో, రోజుకి సుమారు 25 మిల్లీగ్రాములతోనే మరణాలు 30 శాతం తగ్గాయి. అంత కొద్ది మోతాదుకి ఒరిగే లాభం నీరు పోవడం వల్ల మాత్రమే కాదు, గుండె కండరంలో మచ్చలు కట్టించే హార్మోను ఆగడం వల్ల కూడా. అయితే దీనితో పొటాషియం పెరగవచ్చు. అంచేత రక్తపరీక్షలు ఎగ్గొట్టకూడదు. డాక్టరును అడక్కుండా పొటాషియంతో చేసిన 'ఉప్పు బదులు ఉప్పు' వాడకూడదు.

నాలుగోది అన్నిటికన్నా వింతది. 1835లో యూరప్ రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లొరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు. అది తింటే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో జర్మనీలో ఫాన్ మేరింగ్ చూపించాడు. నూరేళ్ళు దాటాక ఆ నమూనా మీద షుగరు మందులు తయారయ్యాయి. కొత్త షుగరు మందులేవీ గుండెకు చేటు చెయ్యవని రుజువు చూపించాలని అమెరికా ఔషధ శాఖ 2008లో షరతు పెట్టింది. ఆ షరతు కోసం చేసిన పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. ఎంపాగ్లిఫ్లోజిన్ చేటు చెయ్యకపోవడం అటుంచి, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడాన్ని 35 శాతం తగ్గించింది! 2019లో దాపాగ్లిఫ్లోజిన్‌ను 4,744 మంది గుండె రోగుల మీద పరీక్షించారు. వాళ్ళలో సగానికి పైగా షుగరు లేనివాళ్ళే. వాళ్ళకీ షుగరున్నవాళ్ళతో సమానంగా మేలు జరిగింది. 2021లో, గుండె బిరుసెక్కిన రకం రోగులకు కూడా ఎంపాగ్లిఫ్లోజిన్ ఉపయోగపడుతుందని తేలింది. ఉప్పునూ నీటినీ కొంత పంపెయ్యడం దీని పనిలో ఒక భాగం. మిగతా భాగం మీద పరిశోధన నడుస్తూనే ఉంది.

2014లో మరో మందు చేరింది. గుండె తనంతట తానే ఉప్పు బయటికి పంపే హార్మోను తయారుచేసుకుంటుందని 1981లో కెనడాలో అడాల్ఫో డిబోల్డ్ కనిపెట్టాడు. అలాంటి హార్మోన్లు తొందరగా విరిగిపోకుండా కాపాడే సాకుబిట్రిల్‌ను, వల్సార్టాన్‌తో కలిపి ఇస్తే, ఎనలాప్రిల్ కన్నా ఎక్కువమంది బతికారు. ఇప్పుడు తోడే బలం తగ్గిన గుండెకు నాలుగు స్తంభాలు అంటున్నారు: ఈ సాకుబిట్రిల్ గాని ప్రిల్, సార్టాన్ జాతి గాని ఒకటి, బీటా బ్లాకర్ ఒకటి, స్పైరొనోలాక్టోన్ జాతి ఒకటి, ఫ్లోజిన్ జాతి ఒకటి. నీరుంటే లేసిక్స్ వీటికి తోడు.

గమనించారా? ఈ నాలుగింట్లో గుండెను కొట్టే కొరడా ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ వేరే జబ్బుల కోసం పుట్టి ఇక్కడికి వచ్చినవే. పుట్టింటి పేరు పోలేదు, అంతే.

ఇక అసలు విషయం. లేసిక్స్ వేసుకుంటే సాయంత్రానికి గుణం తెలుస్తుంది. ఈ నాలుగు మందుల ముఖ్యమైన మేలు అలా కనబడేది కాదు. అవి జరగబోయే చేటును ఆపుతాయి. జరగని చేటు ఎవరి కంటికి కనబడుతుంది? అందుకే “ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఎందుకీ మాత్రలు” అని పెద్దవాళ్ళు మానేస్తారు. ఈ ప్రశ్నకు లండన్ వైద్యులు జవాబు వెతికారు. మందులతో గుండె మామూలు స్థితికి వచ్చి, ఏ బాధా లేని 51 మందిని తీసుకుని, డాక్టర్ల పర్యవేక్షణలోనే సగం మందికి మెల్లమెల్లగా మందులు మాన్పించారు. 2018లో ఫలితం ప్రకటించారు. మాన్పించిన 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. మందులు సాగించినవాళ్ళలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. అంటే వాళ్ళ జబ్బు పోలేదు, మందుల చాటున ఒదిగి ఉంది.

కాబట్టి మీ ఇంట్లో ఈ జబ్బున్న పెద్దలుంటే, ఏ మాత్ర ఎందుకిచ్చారో డాక్టరును అడిగి, తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇండియాలో ఒక పేరూ ఇక్కడ ఇంకో పేరూ ఉంటాయి, అంచేత కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే ఫోను చెయ్యండి. మోకాళ్ళ నొప్పులకని ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడక్కుండా ఇవ్వకండి, అవి ఉప్పునూ నీటినీ నిలబెడతాయి. ఆవకాయ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

తల తిరిగినా, బీపీ మరీ పడిపోయినా, మాత్ర పడడం లేదనిపించినా మోసుకు తిరగకండి, డాక్టరుకు చెప్పండి. మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు. మనంతట మనం మానెయ్యడం మాత్రం వద్దు. ఆ మాత్ర ఈ చేతికి రావడానికి 200 ఏళ్ళకు పైగా పట్టింది.